నల్లగొండ పేరు మోసిన బకెట్

40 లీటర్ల నీళ్లు పట్టే ఒక ప్లాస్టిక్ బకెట్. అడుగుకు మూడు నాలుగు సెంటీమీటర్ల పైన బిగించిన చిన్న కుళాయి. పక్కనే పటిక కరిగించిన నీళ్ల సీసా, కొంచెం సున్నం, చిటికెడు బ్లీచింగ్ పౌడర్, కలియబెట్టడానికి ఒక కర్ర. కరెంటు అక్కర్లేదు, మోటారు లేదు. చూసినవాళ్లు దీన్ని యంత్రమని అనుకోరు. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో తాగునీటి ఫ్లోరైడ్ మీద తెచ్చిన పుస్తకంలో ఈ పద్ధతికి చోటు దక్కింది. తూర్పు ఆఫ్రికా ఇంజినీర్లకు దీని పేరు తెలుసు. ఆ పేరు మన జిల్లాది: నల్లగొండ టెక్నిక్.

సైన్సులో ఊరి పేరు నిలవడం గొప్ప సంగతే. ఈ పేరు వెనుక మాత్రం తరాల బాధ ఉంది. నాగార్జున సాగర్ నీళ్లు లక్షల ఎకరాలకు పారిన జిల్లాలోనే పిల్లల పళ్లు గారపట్టాయి, పెద్దల నడుములు వంగిపోయాయి. పళ్లు బాగుండాలంటే ముందు ఏ నీళ్లు తాగుతున్నామో తెలుసుకోవాలి. ఈ బకెట్ పుట్టుక, ఎదుగుదల, ముసలితనం మనకు చెప్పేది ఆ ఒక్క మాటే.

తోమితే పోని గార

పిల్లల పళ్లు పచ్చగా కనిపిస్తే సరిగ్గా తోముకోవడం లేదని కోప్పడతాం. పాచి పేరుకుని గట్టిపడిన గార అయితే ఆ కోపంలో న్యాయముంది. దంతవైద్యులు గీకి శుభ్రం చేస్తే అది పోతుంది. ఫ్లోరైడ్ గార పంటి మీద పేరుకున్నది కాదు, పన్ను తయారైనప్పుడే అందులో కలిసిపోయింది.

శాశ్వత దంతాలు బయటికి రాకముందే, దవడ ఎముకలో దాగి ఉండగానే వాటి పైపొర ఎనామెల్ తయారవుతుంది. పుట్టినప్పటి నుంచి సుమారు ఎనిమిదేళ్ల వయసు దాకా ఈ పని సాగుతుంది. ఎనామెల్ కట్టే కణాలు ముందు ప్రోటీన్‌తో ఒక అచ్చు పోస్తాయి. తర్వాత ఆ ప్రోటీన్ తొలగిపోతూ ఉంటే ఖాళీ అయిన చోట ఖనిజం నిండుతుంది. ఆ ఏళ్లలో ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎక్కువగా చేరితే ప్రోటీన్ పూర్తిగా పోదు, ఖనిజం నిండుగా పట్టదు. కంటికి కనిపించని సన్నని బెజ్జాలతోనే పన్ను మొలుస్తుంది. మొదట సుద్ద పూసినట్టు తెల్లని మచ్చలుంటాయి. టీ, కూరల రంగులు పీల్చుకుంటూ అవే పసుపు, గోధుమ చారలవుతాయి. తీవ్రత ఎక్కువైతే ఎనామెల్ పెచ్చులూడుతుంది.

అందుకే ఈ మచ్చలు ఎంత తోమినా పోవు. సిగ్గుపడి ఇటుక పొడితోనో బొగ్గుతోనో రుద్దితే ఉన్న కాస్త ఎనామెల్ కూడా అరిగిపోతుంది. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్లల్ని ఈ జిల్లా ఎందరినో చూసింది. ఆ పిల్లల తప్పు ఇందులో ఏమీ లేదు.

తప్పు రాతిది. నల్లగొండ నేల కింద ఉన్న గ్రానైట్ శిలల్లో ఫ్లోరైడ్ ఖనిజాలు ఎక్కువ. వర్షం తక్కువై, నీరు ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచినకొద్దీ ఫ్లోరైడ్ కరిగి అందులో చేరుతుంది. నీటిలో కాల్షియం తక్కువగా, క్షారత ఎక్కువగా ఉన్నచోట మరింత కరుగుతుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఉండవచ్చని భారత ప్రమాణాలు చెబుతాయి. ఈ జిల్లా భూగర్భజలాల్లో 20 మిల్లీగ్రాముల దాకా శాస్త్రవేత్తలు నమోదు చేశారు.

అల్యూమినియం ఇచ్చిన ఆచూకీ

పళ్ల మీద మచ్చలు తెచ్చేది ఫ్లోరైడేనని తేలడానికి 30 ఏళ్లు పట్టింది. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో 1901లో ప్రాక్టీసు పెట్టిన ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడికి అక్కడ పుట్టి పెరిగినవాళ్ల పళ్ల మీద గోధుమ మచ్చలు కనిపించాయి. దోషం నీళ్లలోనే ఉందని అతను గట్టిగా నమ్మాడు. ఆ దోషమేమిటో మాత్రం పట్టుకోలేకపోయాడు. ఆర్కన్సా రాష్ట్రంలో అల్యూమినియం కంపెనీ గనులున్న బాక్సైట్ అనే ఊళ్లోనూ ఇవే మచ్చలు. అల్యూమినియం పాత్రలు విషమని ఆ రోజుల్లో పుకార్లుండేవి. తమ లోహం మీద నింద పడుతుందేమోనని కంపెనీ రసాయనవేత్త హెచ్.వి. చర్చిల్ ఆ ఊరి నీళ్లను వర్ణపట పరీక్షకు పెట్టాడు. 1931లో జవాబు దొరికింది. అల్యూమినియం నిర్దోషి. ఆ నీళ్లలో లీటరుకు 13.7 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంది.

తెలుగు నేల మీద ఆ ఆచూకీ త్వరగానే అందింది. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే శాస్త్రవేత్తలు అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్లలో ఫ్లోరైడ్ తెచ్చే జబ్బు ఫ్లోరోసిస్‌ను నమోదు చేశారు. మన దేశంలో మనుషుల్లో ఈ వ్యాధి మీద వచ్చిన తొలి నివేదికల్లో అదొకటి. పళ్లకు మచ్చలు పడటం ఆరంభం మాత్రమేనని, ఏళ్లు గడిచేకొద్దీ ఎముకలు బిగుసుకుని కీళ్లు వంగవని వాళ్లు రాశారు.

నాగపూర్‌లో పుట్టి, నల్లగొండలో పేరు పెట్టించుకుని

1958లో నాగపూర్‌లో కేంద్ర ప్రజారోగ్య ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ మొదలైంది. 1974లో దాని పేరు నీరిగా మారింది. ఫ్లోరైడ్‌ను వడకట్టే పదార్థం కోసం అక్కడి శాస్త్రవేత్తలు 1960లలో ఎన్నో వెతికారు. రంపపు పొట్టును రసాయనాలతో మార్చి ఒకటి, బొగ్గును మార్చి మరొకటి తయారుచేశారు. వాటికి డిఫ్లోరాన్-1, డిఫ్లోరాన్-2 అని పేర్లు పెట్టారు. ఈ ఇద్దరు అన్నలూ ప్రయోగశాలలో బాగానే పనిచేశారు. కొంత కాలం వాడాక వాటి శక్తి తరిగిపోయేది. పటిక ద్రావణంతో కడిగి మళ్లీ శక్తినివ్వాలంటే నేర్పరి కావాలి, సామగ్రి కావాలి. పల్లెలో ఆ రెండూ దొరకవు.

వడపోత పదార్థానికి బలమిచ్చేది పటికే అయినప్పుడు పటికనే నేరుగా నీళ్లలో వేస్తే సరిపోదా? ఈ ప్రశ్నలోంచే తమ్ముడు పుట్టాడు. నవలాఖే, కులకర్ణి, పాఠక్, బులుసు అనే శాస్త్రవేత్తలు 1975లో ఈ పద్ధతిని నల్లగొండ టెక్నిక్ పేరుతో ప్రచురించారు. పటిక మన ఇళ్లకు కొత్తది కాదు. చిల్లగింజ అరగదీసి, పటిక తిప్పి బురద నీళ్లను తేటపరచడం మన పెద్దలకు తెలిసిన విద్యే. పటిక అల్యూమినియం లవణం. ఏ లోహం మీది నింద పోగొట్టబోయి చర్చిల్ ఫ్లోరైడ్‌ను పట్టుకున్నాడో, ఆ లోహపు లవణమే ఇక్కడ ఫ్లోరైడ్‌ను పట్టే వలగా మారింది.

బకెట్ లోపల జరిగేది

లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు తీసుకుందాం. 40 లీటర్ల బకెట్‌లో మొత్తం 160 మిల్లీగ్రాములు. అంటే చిటికెడు ఉప్పంత కూడా ఉండదు. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. దాన్ని బయటికి లాగడానికి లీటరుకు వందల మిల్లీగ్రాముల పటిక కావాలి. బురద నీళ్లు తేరుకోవడానికి అయితే పదుల మిల్లీగ్రాములు చాలు.

పటిక నీళ్లలో పడగానే అల్యూమినియం హైడ్రాక్సైడ్‌గా మారి, విరిగిన పాలలా మెత్తటి తునకలు కడుతుంది. ఫ్లోరైడ్ వాటికి అంటుకుని, వాటితోపాటే అడుగుకు దిగుతుంది. పటిక వల్ల నీళ్లు పులుపెక్కకుండా సున్నం కాపాడుతుంది. సున్నం ఎంతంటే పటికలో ఇరవయ్యో వంతు. బ్లీచింగ్ పౌడర్ క్రిములను చంపుతుంది. ముందు నిమిషం పాటు వేగంగా తిప్పాలి, మందు నీళ్లంతటా కలవడానికి. తర్వాత పది నిమిషాలు మెల్లగా తిప్పాలి, తునకలు ఒకదాన్నొకటి పట్టుకుని పెద్దవి కావడానికి. ఈ దశలో తొందరపడితే కట్టిన తునకలు చెదిరిపోతాయి. ఆ పైన గంటసేపు కదపకుండా ఉంచాలి. కుళాయి అడుగుకు కాస్త పైన ఉండటానికి కారణం అదే. మడ్డి కింద మిగిలి, తేట నీళ్లు మాత్రమే బయటికొస్తాయి.

ఎంత పటిక వేయాలనేదే ఇందులో అసలు కిటుకు. అది నీటిలోని ఫ్లోరైడ్ మీద, క్షారత మీద ఆధారపడుతుంది. పక్కపక్క బోర్ల నీళ్లకు కూడా ఒకే కొలత కుదరకపోవచ్చు. అంటే ముందు పరీక్ష, తర్వాతే పటిక. కొన్ని పరీక్ష కిట్లలో గులాబీ రంగు ద్రావణం ఉంటుంది. ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ అది పసుపు వైపు తిరుగుతుంది. ఊరి ఆడవాళ్లు, బడి పిల్లలు కూడా నేర్చుకోగలిగేంత సులువైన పరీక్ష అది.

లోకయాత్ర, ముసలితనం

బకెట్ పెద్దదైంది. ఊరంతటికీ సరిపడే తొట్టెలు వచ్చాయి. అనంతపురం ప్రాంతపు కదిరిలో పట్టణ స్థాయి శుద్ధి కేంద్రం వెలిసింది. 1986లో మొదలైన జాతీయ తాగునీటి మిషన్ కింద ఈ తొట్టెలు చాలా రాష్ట్రాలకు చేరాయి. టాంజానియాలోని అరూషా ప్రాంతంలో రెండు బకెట్ల పద్ధతిగా మారి, ఇథియోపియా రిఫ్ట్ లోయ దాకా వెళ్లింది. కరెంటు లేని ఊళ్లో తల్లి చేతుల మీదుగా నడిచే శుద్ధి యంత్రం దొరకడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

లోపాలూ అలాగే బయటపడ్డాయి. పటిక కొలత తప్పితే నీళ్లలో అల్యూమినియం, సల్ఫేట్ మిగిలి రుచి చెడుతుంది. రోజూ పోగయ్యే మడ్డిని ఎక్కడ పారబోయాలి? లవణాలు మరీ ఎక్కువున్న నీళ్లకు ఈ పద్ధతి నప్పదు. అన్నిటికన్నా పెద్దది ఓపిక. పొలం పని, వంట పని ముగించుకున్న ఇల్లాలు రోజూ కొలిచి, కలిపి, గంట ఆగాలి. పటిక సరఫరా ఆగినచోట, తొట్టెను చూసుకునే మనిషి లేనిచోట జనం మళ్లీ బోరింగు దగ్గరికే వెళ్లారు. యంత్రం ఎంత సులువైనా దాన్ని రోజూ నడిపించే ఏర్పాటు లేకపోతే నిలవదు.

సాగర్ నీళ్లు

1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జున సాగర్ నుంచి 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ హాలియా, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మీదుగా పచ్చదనం పరుచుకుంటూ ఖమ్మం వైపు సాగింది. ఎగువన ఉన్న మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాలకు ఆ నీళ్లు ఎక్కలేదు. వాళ్లు బోర్లనే నమ్ముకోవలసి వచ్చింది. నదీ జలంలో ఫ్లోరైడ్ చాలా తక్కువ. మందు జిల్లాలోనే ఉంది, చేరవలసిన గొంతుకే చేరలేదు.

ఆ గొంతులే లేచాయి. దుశ్చర్ల సత్యనారాయణ నడిపిన జలసాధన సమితి పిలుపుతో 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ బరిలో 480 మంది నిలిచారు. దేశం తిరిగి చూసింది. సాగర్ జలాలను పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి అక్కంపల్లి జలాశయానికి తెచ్చాక నది నీళ్లు ఎగువకు చేరే దారి ఏర్పడింది. మిషన్ భగీరథ తాగునీటి పథకం పైలాన్‌ను 2015 జూన్ 8న, అప్పట్లో ఈ జిల్లాలోనే ఉన్న చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు. ఇంటింటికీ శుద్ధి చేసిన నీళ్లు రావడంతో, ఫ్లోరైడ్ నీళ్లే గతైన ఆవాసాలు తెలంగాణలో ఇక లేవని 2020లో ప్రభుత్వం చెప్పింది. నల్లగొండ టెక్నిక్‌కు పేరిచ్చిన ఇంట్లోనే విశ్రాంతి దొరికింది.

బకెట్ నేర్పిన అలవాట్లు

అయినా నళ్లా నీళ్లు ఆగిన రోజు, లేదా చప్పగా ఉన్నాయనిపించిన రోజు, బోరు దగ్గరికి వెళ్లే బిందెలు ఇంకా ఉన్నాయి. కాలువ కింద ఉన్న మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట వైపు ఇళ్లలోనూ సొంత బోరు నీళ్లు తాగేవాళ్లున్నారు. వాళ్లందరికీ కొన్ని మాటలు.

కాచి చల్లార్చితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైనకొద్దీ మిగిలిన నీళ్లలో దాని సాంద్రత ఇంకా పెరుగుతుంది. గుడ్డ వడపోత, మామూలు క్యాండిల్ ఫిల్టరు దాన్ని ఆపలేవు. ఆర్‌వో యంత్రం చాలావరకు తీసేస్తుంది, పొర పాడైపోకుండా చూసుకుంటే. ఎనిమిదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో వంటకూ తాగడానికీ నళ్లా నీళ్లే వాడాలి.

కొంచెం ఫ్లోరైడ్ పంటికి మేలు చేస్తుందన్నదీ నిజమే. పుచ్చు రాకుండా 1945లో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ నగరం కొలిచి మరీ నీళ్లలో కలిపింది. పేస్టులో ఉండేదీ అదే ఉద్దేశంతో. పంటి పైన అది పనిచేయాలి, కడుపులోకి వెళ్లకూడదు. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్లలోపు వాళ్లకు బఠానీ గింజంత పేస్టు చాలు. పక్కన పెద్దవాళ్లు నిలబడి ఉమ్మించాలి. పొద్దున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి తోముకోవాలి. మచ్చలున్న పళ్లకు పుచ్చు రాదనుకోవడం పొరపాటు. పెచ్చులూడిన గుంటల్లోనే పాచి నిలుస్తుంది. ఇప్పటికే గారపట్టిన పళ్లను పైపొర సన్నగా అరగదీసో, పంటి రంగు పూత పూసో దంతవైద్యులు చాలావరకు మెరుగుపరచగలరు. నవ్వు దాచుకుని బతకాల్సిన అవసరం ఎవరికీ లేదు.

పటిక బకెట్ చాలా ఇళ్లలో ఇప్పుడు కనిపించదు. కానీ ముందు పరీక్ష, తర్వాతే పటిక అని అది పెట్టిన నియమం మాత్రం పాతబడలేదు. మీ బోరు నీళ్లను ఇంతవరకు పరీక్షించి ఉండకపోతే ఒక శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు తీసుకెళ్లండి. లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో అడిగి రాయించుకోండి. మీ ఇంట్లో పాపకో బాబుకో ఎనిమిదేళ్లు నిండకముందే ఆ పని చేయండి.