మంచి మెయిల్ స్పామ్‌లో పడుతోందా? ఫిల్టర్ ఆపకండి, హెడర్ చదవండి

గుంటూరు యార్డులో మిర్చి రేటు నిలకడగా ఉండదు. 'తేజ రకం ధర పంపండి' అని దుబాయ్ నుంచి ఉదయం వచ్చిన మెయిల్ సాయంత్రం దాకా స్పామ్ ఫోల్డర్‌లో పడి ఉంటే, బేరం ఇంకొకరికి పోయినట్టే. సొంత డొమైన్‌తో, సొంత మెయిల్ సర్వర్ నడుపుకునే వ్యాపారులకు ఈ తలనొప్పి బాగా తెలుసు. చాలామంది విసుగొచ్చి ఫిల్టర్‌నే ఆపేస్తారు. కానీ తాలు కాయల్లో రెండు మంచి కాయలు పడ్డాయని గ్రేడింగే మానేస్తామా?

సొంత సర్వర్లలో ఎక్కువగా కనిపించే ఫిల్టర్ స్పామ్‌అసాసిన్. ఇది ఒక్కో నియమానికి కొన్ని పాయింట్లు వేస్తుంది. మొత్తం 5కు చేరితే స్పామ్ అంటుంది. ఏ నియమాలు తగిలాయో మెయిల్ హెడర్‌లో 'ఎక్స్-స్పామ్-స్టేటస్' వరుసలో రాసి పెడుతుంది. ముందు అది చదవాలి. ఎక్కువగా కనిపించే కారణాలు ఇవి:

1. డీఎన్ఎస్: ఒక్కసారిగా అందరి మెయిళ్లూ తిరిగిపోతుంటే ముందు దీన్నే అనుమానించండి. సర్వర్‌లో గూగుల్ 8.8.8.8 లాంటి పబ్లిక్ డీఎన్ఎస్ పెడితే, స్పామ్‌హౌస్ బ్లాక్‌లిస్ట్ సరైన జవాబు ఇవ్వదు, 127.255.255.254 అనే ఎర్రర్ కోడ్ పంపుతుంది. సర్వర్ దాన్ని 'ఇతను స్పామర్' అని పొరబడవచ్చు. సర్వర్‌లోనే అన్‌బౌండ్ లాంటి సొంత రిజాల్వర్ పెట్టుకుంటే సమస్య తీరుతుంది.

2. భాష: భాషను పసిగట్టే టెక్స్ట్‌క్యాట్ ప్లగిన్‌లో ఇంగ్లీషు ఒక్కటే అనుమతించి ఉంటే, అరబ్బీలో వచ్చిన ఆర్డరుకూ, సౌదీలోని బంధువు ఉర్దూలో రాసిన ఉత్తరానికీ అదనంగా పాయింట్లు పడొచ్చు. ఆ సెట్టింగ్‌ను 'ఆల్' అని ఉంచండి.

3. తప్పు శిక్షణ: బేయీస్ అనే భాగం మనం చూపించినదాన్ని బట్టి నేర్చుకుంటుంది. కనీసం 200 స్పామ్, 200 మంచి మెయిళ్లు చూపించేదాకా అది పనిచేయదు. ఇష్టంలేని మెయిల్ కదా అని ప్రతిదాన్నీ స్పామ్‌లోకి తోస్తే తప్పే నేర్చుకుంటుంది. పొరపాటున పడ్డవాటిని 'ఎస్ఏ-లెర్న్' కమాండ్‌తో మంచివని చెప్పండి.

4. పాత నియమాలు: 2010 జనవరి 1న ప్రపంచమంతటా ఒక వింత జరిగింది. 2010 అనే సంవత్సరాన్ని ఎప్పటిదో భవిష్యత్తుగా లెక్కగట్టే పాత నియమం వల్ల, ఆ రోజు నుంచి వచ్చే మంచి మెయిళ్లకూ పాయింట్లు పడ్డాయి. నియమాలు అప్‌డేట్ చేసినవాళ్లు బయటపడ్డారు. 'ఎస్ఏ-అప్‌డేట్' రోజూ నడిచేలా పెట్టండి.

ఇక జాగ్రత్త ఒకటి. తెలిసిన అడ్రసు కదా అని గుడ్డిగా వైట్‌లిస్టులో వేయొద్దు. 'ఫ్రమ్' అడ్రసును ఎవరైనా దొంగగా పెట్టుకోగలరు. 'మా బ్యాంకు ఖాతా మారింది, డబ్బు ఇక్కడికి పంపండి' అనే మోసాలు ఆ దారినే వస్తాయి. ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ పరీక్ష నెగ్గితేనే వదిలే 'వైట్‌లిస్ట్_ఆథ్' వాడండి. ఖాతా మారిందంటే మాత్రం ఫోన్ చేసి అడగాల్సిందే.

మీరు పంపిన కొటేషన్ అవతలివాళ్ల స్పామ్‌లో పడుతుంటే, మీ డొమైన్‌కు అవే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు, సర్వర్ ఐపీకి రివర్స్ డీఎన్ఎస్ ఉన్నాయో లేదో చూడండి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఈ విషయంలో పట్టుగా ఉంది.

ఏది సరిచేసినా అదే మెయిల్‌ను మళ్లీ పరీక్షించి, పాయింట్లు తగ్గాయో లేదో చూసుకోండి. అంతా కుదుటపడేదాకా అనుమానం ఉన్న మెయిల్‌ను సర్వర్ తిప్పి పంపకుండా స్పామ్ ఫోల్డర్‌లో ఉంచేలా పెట్టి, సీజన్‌లో పొద్దున, సాయంత్రం ఒకసారి ఆ ఫోల్డర్ తెరిచి చూడండి.