నిదానమే ప్రధానం – బాస్కెట్‌బాల్‌లోనూ!

రేపు మీ బడి జట్టు జిల్లాలోకెల్లా గొప్ప జట్టుతో తలపడాలి. వాళ్ళు మీకంటే పొడుగు, మీకంటే వేగం. ఏ విధంగా చూసినా మీకంటే బలవంతులే. ఒక్క రోజులో మీరు పొడుగు కాలేరు, వేగంగా పరుగెత్తడమూ నేర్చుకోలేరు. మరి సాధన చేసి ఏం లాభం? మ్యాచ్ ఆడకుండానే ఓటమి ఒప్పుకోవలసిందేనా?

అక్కర్లేదు! బలహీనులకు తోడుగా నిలిచే నేస్తం ఒకటుంది. దాని పేరు లెక్కల శాస్త్రం. అదెలాగో తెలుసుకోవాలంటే 1989 మార్చి నెలలో అమెరికాలో జరిగిన ఒక కాలేజీ బాస్కెట్‌బాల్ మ్యాచ్ దగ్గరికి వెళ్దాం.

ఒకటో జట్టూ, పదహారో జట్టూ

అమెరికా కాలేజీ జట్లకు ప్రతి ఏటా మార్చిలో ఒక పెద్ద పోటీ మొదలవుతుంది. అందులో ఓడిన జట్టు ఇంటికి వెళ్ళవలసిందే. రెండో అవకాశం ఉండదు. 1985లో పురుషుల పోటీని 64 జట్లకు పెంచారు. వాటిని నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగంలోని 16 జట్లకు బలాన్నిబట్టి వరుస సంఖ్యలిచ్చారు. మొదటి రౌండులో ఒకటో జట్టు పదహారో జట్టుతో ఆడుతుంది. అంటే అందరికంటే బలమైనదానికీ, అందరికంటే బలహీనమైనదానికీ పోటీ అన్నమాట. 1985 నుంచి 1988 వరకు ఇలాంటి మ్యాచ్‌లు పదహారు జరిగాయి. పదహారింటిలోనూ ఒకటో జట్టే గెలిచింది. చిన్న లీగ్‌లలో గెలిచిన జట్లకు ఇంత పెద్ద పోటీలో చోటెందుకు అనే మాట కూడా ఆ రోజుల్లో వినబడుతుండేది.

1989లో ఒక భాగంలో ఒకటో జట్టు జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయానిది, పదహారో జట్టు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానిది. జార్జ్‌టౌన్ కోచ్ జాన్ థాంప్సన్. ఆయన జట్టు మైదానమంతా వెంటాడి ఎదుటివారిని ఊపిరి తిప్పుకోనిచ్చేది కాదు. రింగు దగ్గర కాపలా కాసేది అలోంజో మోర్నింగ్. అతని ఎత్తు 208 సెంటీమీటర్లు. ఎదుటివారు విసిరిన బంతిని గాలిలోనే కొట్టి పారేయడంలో ఆ ఏడాది దేశం మొత్తంమీద అతనే మొదటివాడు. జట్టులో అతనికి తోడు 218 సెంటీమీటర్ల డికెంబే ముటాంబో కూడా ఉన్నాడు.

మరి ప్రిన్స్‌టన్? అది చదువుకు పేరుపడ్డ చోటు. ఆటగాళ్ళకు ఆట కోసమని స్కాలర్‌షిప్పులిచ్చే పద్ధతి అక్కడ లేదు. జట్టులో ఆకాశాన్నంటే ఆటగాళ్ళు లేరు. కోచ్ పేరు పీట్ కారిల్. స్పెయిన్ నుంచి వలస వచ్చిన ఒక ఉక్కు కార్మికుడి కొడుకు. పొట్టిగా ఉండే ఈ మనిషి 1967 నుంచి ఆ జట్టుకు ఆట నేర్పుతున్నాడు. బలవంతులతో ఎలా ఆడాలన్నదే ఆయన జీవితమంతా ఆలోచించిన ప్రశ్న.

గోలీల సంచి చెప్పే రహస్యం

ఇప్పుడు మ్యాచ్‌ను కాసేపు ఆపి, మీరు ఇంట్లోనే చేయగల ఒక ప్రయోగం చూద్దాం. ఒకే పరిమాణం గల పది గోలీలు తీసుకోండి. ఆరు నీలంవి, నాలుగు ఎర్రవి. అన్నీ ఒక సంచిలో వేయండి. కళ్ళు మూసుకుని ఒక గోలీ తీయండి. నీలం వస్తే బలమైన జట్టుకు ఒక పాయింటు, ఎరుపు వస్తే బలహీనమైన జట్టుకు ఒక పాయింటు. గోలీని మళ్ళీ సంచిలో వేసి, బాగా కలిపి, ఇంకోసారి తీయండి.

ఆట ఒక్కసారి తీయడంతోనే ముగిస్తే, ఎర్ర జట్టు గెలిచే అవకాశం నూటికి 40. మూడుసార్లు తీసి, ఎక్కువ పాయింట్లు వచ్చినవారే విజేత అనుకుంటే? లెక్క వేద్దాం. మూడూ ఎరుపే వచ్చే అవకాశం 0.4 × 0.4 × 0.4, అంటే 0.064. రెండు ఎరుపు, ఒకటి నీలం వచ్చే అవకాశం 3 × 0.4 × 0.4 × 0.6, అంటే 0.288. మూడుతో ఎందుకు హెచ్చవేశామంటే ఆ నీలం గోలీ మొదట రావచ్చు, మధ్యలో రావచ్చు, చివర రావచ్చు. రెండూ కలిపితే 0.352. అంటే ఎర్ర జట్టు అవకాశం నూటికి 35కు తగ్గిపోయింది!

ఇదే విధంగా అయిదుసార్లు తీస్తే నూటికి సుమారు 32. తొమ్మిదిసార్లు తీస్తే సుమారు 27. 101 సార్లు తీస్తే నూటికి కేవలం 2.

చూశారా? సంచి మారలేదు, గోలీలూ మారలేదు. తీసే సార్లు పెరిగిన కొద్దీ బలహీనుడి ఆశ కరిగిపోతోంది. కొద్దిసార్లయితే అదృష్టం అటో ఇటో మొగ్గవచ్చు. ఎన్నోసార్లయితే అదృష్టం ఒకదానికొకటి చెల్లిపోయి అసలు బలమే బయటపడుతుంది. దీన్నే గణిత శాస్త్రజ్ఞులు ‘బృహత్ సంఖ్యా నియమం’ అంటారు. దీనికి తొలిసారి నిరూపణ ఇచ్చినవాడు స్విట్జర్లాండుకు చెందిన జేకబ్ బెర్నౌలీ. ఆయన పుస్తకం 1713లో, ఆయన చనిపోయాక, అచ్చయింది.

బలహీనుడు నేర్చుకోవలసిన పాఠం తేలికే. ఆటను చిన్నది చేయాలి!

గడియారాన్ని ఎలా తినిపించాలి?

కాలేజీ మ్యాచ్ 40 నిమిషాలు, అంటే 2400 సెకన్లు. దాన్ని తగ్గించడం ఎవరి వల్లా కాదు. కాని బాస్కెట్‌బాల్‌లో గోలీ తీయడమంటే ఒక జట్టు చేతికి బంతి రావడం. దాన్ని ‘వంతు’ అందాం. రెండు జట్లూ 15 సెకన్లకొకసారి బంతి విసిరితే ఒక జత వంతులకు 30 సెకన్లు పడుతుంది. అప్పుడు మ్యాచ్‌లో ఒక్కో జట్టుకు 80 వంతులొస్తాయి. అలాకాక ఒక జట్టు తన వంతులో బంతిని 45 సెకన్లు తనవాళ్ళ మధ్యనే తిప్పుతూ ఉంటే? జత వంతులకు 60 సెకన్లు. ఒక్కో జట్టుకు వచ్చేవి 40 వంతులే. మ్యాచ్ సగమైపోయినట్లే.

బలమైన జట్టు తన వంతుల్లో సగంసార్లు, బలహీనమైన జట్టు నూటికి 40 సార్లు బుట్టలో వేస్తాయనుకోండి. ప్రతి బుట్టకూ రెండు పాయింట్లు. స్కోర్లు సమానమైతే ఎవరైనా గెలవవచ్చు. ఈ లెక్కన 80 వంతుల ఆటలో బలహీనుల విజయావకాశం నూటికి సుమారు 10. 40 వంతుల ఆటలో సుమారు 18. నిదానమే ప్రధానమన్న సామెత ఇక్కడ అంకెల్లో కనబడుతోంది.

ఈ కిటుకు పాతదే. 1950 నవంబరు 22న అమెరికా వృత్తి ఆటగాళ్ళ లీగులో ఫోర్ట్ వేన్ పిస్టన్స్ జట్టు, మహాకాయుడు జార్జ్ మైకన్ ఉన్న మినియాపోలిస్ లేకర్స్‌ను ఎదుర్కొంది. బంతి విసరకుండా చేతిలోనే పెట్టుకుని కాలక్షేపం చేసింది. చివరికి 19–18తో గెలిచింది! ప్రేక్షకులకు మాత్రం విసుగెత్తిపోయింది. ఇలాగైతే ఆట చూసేవాడే ఉండడని లీగువారు 1954లో ఒక నియమం పెట్టారు. బంతి చేతికొచ్చిన 24 సెకన్లలో విసరాలి. 24 ఎందుకు? రక్తికట్టిన మ్యాచ్‌లో రెండు జట్లూ కలిపి సుమారు 120 సార్లు విసురుతాయి. 48 నిమిషాలంటే 2880 సెకన్లు. దాన్ని 120తో భాగించి చూడండి!

కాలేజీ పురుషుల ఆటలో ఇలాంటి నియమం 1985–86లో దేశమంతటా వచ్చింది. అయితే గడువు 45 సెకన్లు. కారిల్ జట్టు ఆ గడువును చివరిదాకా వాడుకునేది.

వెనక తలుపు

అయితే నిదానం ఒక్కటే చాలదు. పై లెక్క మళ్ళీ చూడండి. నూటికి 18 అంటే ఓటమి ఇంకా ఎక్కువే. బంతిని ఊరికే తిప్పి, చివరికి ఏదో ఒకలా విసిరేస్తే ఉన్నదీ పోతుంది. వంతులు తక్కువైనప్పుడు ప్రతి వంతూ బంగారమే. దాన్ని మంచి అవకాశంగా మార్చుకోవాలి. బలహీనమైన జట్టు నూటికి 40 బదులు 45 సార్లు వేయగలిగితే, 40 వంతుల ఆటలో దాని విజయావకాశం 18 నుంచి సుమారు 33కు ఎగబాకుతుంది.

పొడుగువాళ్ళ కాపలాలో మంచి అవకాశం ఎక్కడ దొరుకుతుంది? ఇక్కడే భౌతికశాస్త్రం సాయం వస్తుంది. జార్జ్‌టౌన్ ఆటగాళ్ళు బంతిని లాక్కోవాలని ముందుకు దూకి కాపలా కాస్తారు. ముందుకు దూకే శరీరానికి జడత్వం ఉంటుంది. ఉన్నపళంగా వెనక్కి తిరగలేదు. పైగా, కంటికి కనబడినదానికి కాలు కదలడానికి ఎంత చురుకైనవాడికైనా సెకనులో అయిదో వంతు దాకా పడుతుంది. సెకనుకు 5 మీటర్ల వేగంతో పరుగెత్తేవాడు ఆ కాస్త వ్యవధిలో ఒక మీటరు దూరం పోగలడు!

ప్రిన్స్‌టన్ ఆటగాడు బంతి అందుకోబోతున్నట్లుగా రింగుకు దూరంగా ఒక అడుగు వేస్తాడు. కాపలాదారు అతన్ని మించి ముందుకు దూకుతాడు. అంతే! ఆటగాడు గిరుక్కున తిరిగి కాపలాదారు వీపు వెనకనుంచి రింగువైపు పరుగెడతాడు. సరిగ్గా ఆ క్షణాన బంతి అక్కడికి చేరుతుంది. దీన్ని ‘వెనక తలుపు’ ఎత్తు అంటారు. దొడ్డిదారిన ఇంట్లో దూరడంలాంటిది. కాపలాదారు ఎంత దూకుడుగా ఉంటే ఈ ఎత్తు అంత బాగా పారుతుంది. ఎదుటివాడి బలాన్నే అతని బలహీనతగా మార్చడమన్నమాట. దీనికి పొడుగు అక్కర్లేదు. అయిదుగురూ ఒకరి కదలిక ఒకరికి తెలిసేటట్లు వందలసార్లు సాధన చేయాలి.

ఇక పొడుగువాడి చేతిమీదుగా విసరక తప్పనప్పుడు? బంతిని ఎత్తుగా, వంపుగా విసరాలి. రింగు వ్యాసం 45.7 సెంటీమీటర్లు, బంతి వ్యాసం సుమారు 24. బంతి నిట్టనిలువుగా పడితే రింగు మొత్తం తెరిచి ఉన్నట్లే. వాలుగా వస్తే బంతికి రింగు కోడిగుడ్డు ఆకారంలో, ఇరుకుగా ‘కనబడుతుంది’. 45 డిగ్రీల కోణంలో ఆ ఇరుకు 32 సెంటీమీటర్లు, 55 డిగ్రీల్లో 37. కోణం 30 డిగ్రీలయితే 23 సెంటీమీటర్లే. ఇక బంతి అంచుకు తగలకుండా పడే ప్రశ్నే లేదు. అందుకే పొడుగువారిని ఎదుర్కోబోయే జట్ల సాధనలో ఒకరు చీపురుకర్ర పైకెత్తి నిలబడటం, మిగతావారు దాని మీదుగా విసరడం కద్దు.

ఒక్క పాయింటు

1989 మార్చి 17. ప్రావిడెన్స్ నగరం. సగం ఆట ముగిసేసరికి ప్రిన్స్‌టన్ 29, జార్జ్‌టౌన్ 21! చూస్తున్నవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. మోర్నింగ్ విజృంభణతో జార్జ్‌టౌన్ పుంజుకుంది. ఇంకా 23 సెకన్లుందనగా మోర్నింగ్ వేసిన ఫ్రీ త్రోతో స్కోరు 50–49 అయింది. ప్రిన్స్‌టన్ కెప్టెన్ బాబ్ స్క్రాబిస్ విసిరిన బంతిని మోర్నింగ్ గాలిలోనే కొట్టేశాడు. బంతి గీత దాటింది. ఒక్క సెకను మిగిలింది. కిట్ మ్యూలర్ ఆఖరి ప్రయత్నం చేశాడు. మళ్ళీ అడ్డు పడింది మోర్నింగ్ చేయే. ఆట ముగిసింది.

ప్రిన్స్‌టన్ ఓడిపోయింది. లెక్కల శాస్త్రం విజయానికి హామీ ఇవ్వదు. అవకాశాన్ని పెంచుతుంది, అంతే. కాని ఆ రాత్రి తరువాత, చిన్న జట్లకు ఇక్కడ చోటెందుకన్న ప్రశ్నకు బదులు దొరికినట్లయింది.

కారిల్ తన పద్ధతి మార్చుకోలేదు. 1996 మార్చి 14న ఆయన జట్టు అంతకుముందటి ఏటి విజేత యు.సి.ఎల్.ఏ.ను 43–41తో ఓడించింది. గెలిపించిన ఆఖరి బుట్ట ఎలా పడిందో ఊహించగలరా? వెనక తలుపు ఎత్తుతోనే! ప్రిన్స్‌టన్ కోచ్‌గా ఆయనకదే చివరి గెలుపు.

పదహారో జట్టు ఒకటో జట్టును ఓడించిన ఘనత మొదట దక్కింది అమ్మాయిలకు. 1998లో హార్వర్డ్ మహిళల జట్టు స్టాన్‌ఫర్డ్‌ను 71–67తో ఓడించింది. పురుషుల్లో 135 ఓటముల తరువాత, 2018 మార్చి 16న మేరీలాండ్ విశ్వవిద్యాలయపు బాల్టిమోర్ కౌంటీ శాఖ జట్టు వర్జీనియాను 74–54తో చిత్తుచేసింది. 2023లో ఫెయిర్లీ డికిన్సన్ జట్టు పర్‌డ్యూను 63–58తో గెలిచింది. 135 ఓటములు చూసి ‘ఇది అసాధ్యం’ అన్నవారు ఒక సంగతి మరిచారు. గెలిచే అవకాశం నూటికి ఒకటే అనుకున్నా, 136 మ్యాచ్‌లలో ఒక్కసారైనా గెలిచే అవకాశం నూటికి 74 పైనే! అరుదైనది వేరు, అసాధ్యమైనది వేరు.

చివరగా ఒక హెచ్చరిక. నిదానం అన్నివేళలా మందు కాదు. మీ జట్టు పది పాయింట్లు వెనకబడి, అయిదు నిమిషాలే మిగిలి ఉందనుకోండి. అప్పుడు నిదానిస్తారా, వేగం పెంచుతారా? ఆలస్యం అమృతం విషం అన్న సామెత కూడా మనదే కదా! గోలీల సంచి ముందు పెట్టుకుని ఆలోచించండి.