ఒకే ఇంట్లో వుండి పలకరించుకోని యంత్రాలు

మనలో చాలామందికి కంప్యూటరంటే మార్కులు తెచ్చిపెట్టేదిగానూ, గేమ్ కన్సోలంటే వచ్చిన మార్కులు పోగొట్టేదిగానూ మాత్రమే పరిచయం. ఈ రెంటినీ ఒక ఇంట్లో పెట్టి, కంప్యూటర్లో వున్న వీడియోను కన్సోలు ద్వారా టీవీలో చూద్దామని ప్రయత్నించినవాళ్ళకు తెలుస్తుంది, వాటి మధ్య మాట కలపడం ఎంత తంటాయో. దేనికది భేషుగ్గా పనిచేస్తూంటుంది. రెండింట్లోనూ ఇంటర్నెట్ వస్తూంటుంది. అయినా ఒకదానికి రెండోది కనపడదు. ఇలాంటప్పుడు లోపాన్ని ఎలా వెతకాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. అది కొనండి, ఇది మార్చండి అని సలహా ఇచ్చేవాళ్ళకు కొదవ లేదు గనక, పైసా ఖర్చు లేకుండా ముందు వెతకడం నేర్చుకోవడం మంచిది.

మా వైపు చేలోకి నీళ్ళు రాకపోతే ఎవరూ సరాసరి డ్యాము దగ్గరికి పోరు. ముందు తన మడవ చూసుకుంటారు, తరవాత బోదె, ఆ తరవాత తూము. నీళ్ళు ఎందాకా వచ్చాయో, ఎక్కడ ఆగాయో తెలిస్తే సగం పని అయినట్టే. నెట్‌వర్కు కూడా అలాంటి కాలువే. కాని మనవాళ్ళు చేసేదేమిటి? రౌటరు ఆపి వేస్తారు, కన్సోలు ఆపి వేస్తారు, ఈలోగా కేబులు మారుస్తారు, పనిలో పనిగా పాస్‌వర్డూ మార్చేస్తారు. ఒకవేళ పనిచేసినా, ఏది చేసినందువల్ల చేసిందో ఆ పరమాత్ముడికే ఎరుక. ఆపి వేయడం వల్ల ఫలితం వుండదని అనను. యంత్రం కొత్తగా అడ్రసు పుచ్చుకుంటుంది గనక కొన్నిసార్లు పని జరుగుతుంది. అసలు కారణం మాత్రం అలాగే వుండిపోయి, వారం తిరక్కుండా మళ్ళీ తలెత్తుతుంది.

ఊరికే సూత్రాలు చెప్పడం కన్నా ఒక ఉదాహరణ తీసుకుందాం. పట్నంలో మా మేనమామ గారిది మేడ ఇల్లు. కింద హాల్లో టీవీకి ప్లేస్టేషన్ 4 తగిలించి వుంది. కంప్యూటరు పైన గదిలో వుంది. మా అక్క పెళ్ళి వీడియో ఆ కంప్యూటర్లో వుండిపోయింది. మా అమ్మమ్మకు చూపు ఆనదు, మేడ మెట్లు ఎక్కలేదు. టీవీలో అయితే హాయిగా చూడగలదు. ప్లేస్టేషన్ 4కు 2015లో మీడియా ప్లేయర్ అనే అప్లికేషన్ వచ్చింది. ఇంట్లో వున్న కంప్యూటరు నుంచి వీడియోలు తెచ్చి చూపించడం దాని పని. తెరిస్తే కంప్యూటరు పేరు కనపడాలి, కనపడలేదు. ఇంటర్నెట్ తాలూకు మనిషి వచ్చి చూసి, రౌటరు పాతదైపోయిందనీ, మూడువేలు పెట్టి కొత్తది వేయించుకోవాలనీ తేల్చేశాడు. మూడువేలంటే మా ఇంట్లో రెండు డి.ఏ.పి. బస్తాల పైమాటే. అంచేత ముందు కాలువ గట్టెంట నడిచి చూద్దామన్నాను.

మొదట చూడవలసింది అడ్రసు. నెట్‌వర్కులో ప్రతి యంత్రానికీ ఐ.పి. అడ్రసని నాలుగు అంకెల ముక్కలతో ఒకటి వుంటుంది. ఇది 32 బిట్లది గనక, లెక్కవేస్తే ప్రపంచం మొత్తానికి సుమారు 429 కోట్ల అడ్రసులే వస్తాయి. అవి చాలవు గనక, 1996 నాటి నిబంధన ప్రకారం కొన్ని వరసలను ఇళ్ళల్లోనూ ఆఫీసుల్లోనూ లోపలి వాడకానికి వదిలిపెట్టారు. 192.168తో మొదలయ్యేవి అలాంటివే. మీ కంప్యూటరుది 192.168.1.7 అయితే పక్కింటివాళ్ళదీ అదే కావచ్చు, తగవేమీ లేదు. ప్రతి ఊళ్ళోనూ ఒక రామాలయం వీధి వున్నట్టే ననుకోండి. వీటిని పంచిపెట్టేది ఇంట్లోని రౌటరు.

కన్సోలు అడ్రసు దాని సెట్టింగ్స్‌లో నెట్‌వర్కు స్థితి చూపే పేజీలో వుంటుంది. విండోస్ కంప్యూటర్లో అయితే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొడితే వస్తుంది. రెంటినీ ఒక కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసుకోవాలి. దేనిదైనా 169.254తో మొదలైందంటే దానికి అడ్రసు ఇచ్చిన నాథుడు లేక తనకు తానే పెట్టుకుందని అర్థం. అప్పుడు కేబులో, వైఫైయో, రౌటరో చూసుకోవాలి, మిగతా పరీక్షలు దండగ. అలా కాకపోతే మొదటి మూడు ముక్కలూ రెండింట్లోనూ ఒకటేనా అని చూడాలి. సబ్‌నెట్ మాస్కు 255.255.255.0గా వున్న ఇళ్ళల్లో, అంటే దాదాపు అన్ని ఇళ్ళల్లోనూ, అవి ఒకటే అయివుండాలి.

మావాళ్ళింట్లో కన్సోలు అడ్రసు 192.168.1.6, కంప్యూటరుది 192.168.0.103. మూడో ముక్క తేడా! అంటే ఒకే కప్పు కింద వున్నా రెండూ రెండు ఊళ్ళ కింద లెక్క. ఆరా తీస్తే తెలిసింది: మేడ మీద సిగ్నలు అందడం లేదని ఎప్పుడో ఇంకొక రౌటరు తెచ్చి, కింది రౌటరు నుంచి తీగ లాగి పెట్టారు. అది కిందనుంచి ఒక్క అడ్రసు తాను పుచ్చుకొని, పైవాళ్ళందరికీ తన సొంత వరసలో పంచిపెడుతూ వేరుకాపురం పెట్టింది.

ఇక్కడ మనల్ని బోల్తా కొట్టించే సంగతి ఒకటుంది. పింగ్ అని ఒక చిన్న ప్రోగ్రాము వుంది. 1983లో మైక్ మూస్ అనే అమెరికన్ రాశాడు. జలాంతర్గాముల్ని పసిగట్టే సోనార్ చేసే చప్పుడే దాని పేరు. "వున్నావా?" అని కేకేస్తే అవతలి యంత్రం "వున్నా" అని పలకాలి. పైనున్న కంప్యూటరు నుంచి కన్సోలుకు పింగ్ చేస్తే చక్కగా జవాబొచ్చింది. ఇది చూసి, దారి బాగానే వుంది, లోపం కన్సోల్లోనే వుందనుకుంటే తప్పే. మధ్యలో వున్న రౌటరు మోటారుకు అడుగున వుండే ఫుట్‌వాల్వు లాంటిది. నీళ్ళను పైకి పోనిస్తుంది, తిరిగి బావిలోకి జారనివ్వదు. అలాగే రెండో రౌటరు తన వెనకున్న యంత్రం మొదలుపెట్టిన సంభాషణను అవతలికి పోనిస్తుంది, దానికి వచ్చిన జవాబునూ రానిస్తుంది. అవతలివాళ్ళు తమంతట తాము పిలిస్తే లోపలికి రానివ్వదు. ట్రేసర్ట్ అనే కమాండు ఇస్తే కన్సోలు చేరేలోపు మధ్యలో ఒక మజిలీ వుందని స్పష్టంగా తేలింది. ఒకే నెట్‌వర్కు అయితే ఆ మజిలీ వుండదు.

పైగా మీడియా ప్లేయరు కంప్యూటర్ను వెతికేది అడ్రసు పట్టుకుని కాదు. "వీడియోలు వున్నవాళ్ళు ఎవరయ్యా?" అని 239.255.255.250 అనే ఉమ్మడి అడ్రసుకు చాటింపు వేస్తుంది. ఇంటి రౌటర్లు మామూలుగా ఈ చాటింపును పొలిమేర దాటనివ్వవు. కింద వేసిన చాటింపు మేడ మీదికి ఎలా వినపడుతుంది?

జబ్బు తెలిశాక మందు సులువే. పై రౌటరును యాక్సెస్ పాయింట్ పద్ధతిలోకి మార్చాలి. ఆ సౌకర్యం లేని వాటిలో అడ్రసులు పంచే డి.హెచ్.సి.పి.ని ఆపి, దానికి కింది వరసలో ఎవరూ వాడని అడ్రసు ఒకటి ఇచ్చి, కిందనుంచి వచ్చే తీగను వాన్ అని రాసి వున్న రంధ్రంలోంచి తీసి లాన్ రంధ్రంలో పెట్టాలి. మావాళ్ళ రౌటరుకు ఈ రెండో పద్ధతే చేశాం. కంప్యూటరుకు 192.168.1.9 వచ్చింది.

అయినా కన్సోల్లో పేరు కనపడలేదు! ఇక్కడే చాలామంది నీరుగారిపోయి, చేసిన మంచి పనిని కూడా తిరగదోడుకుంటారు. ఒక లోపం వెనక ఇంకొకటి నక్కి వుండటం వింతేమీ కాదు. మూడు ముక్కలూ కలిశాయి, దారి తిన్నగా వుంది, ఇక మిగిలింది కంప్యూటరు తలుపు. విండోస్‌లో ప్రతి నెట్‌వర్కునూ పబ్లిక్ అనో ప్రైవేట్ అనో గుర్తు పెట్టుకుంటుంది. పబ్లిక్ అంటే బస్టాండులో కూర్చున్నట్టు, ఎవరు పిలిచినా పలకదు. మన ఇంటినీ అది బస్టాండనే అనుకుంటోంది. దాన్ని ప్రైవేట్‌గా మార్చి, కంట్రోల్ ప్యానల్లో మీడియా స్ట్రీమింగ్ ఆన్ చేశాక పేరు కనపడింది. దీనికోసం ఫైర్‌వాల్ మొత్తం తీసేయమనే సలహా కొందరిస్తారు. అది ఎలుక దూరిందని గాదె తలుపు పీకినట్టుంటుంది.

కేబులు వాడేవాళ్ళకు ఒక మాట. ఆ తీగలో ఎనిమిది సన్నతీగలుంటాయి. 100 మెగాబిట్ల వేగానికి నాలుగు చాలు, 1000కి ఎనిమిదీ కావాలి. ఒకటి తెగితే పూర్తిగా ఆగకుండా వేగం మాత్రం పడిపోవచ్చు కాబట్టి, లైటు వెలుగుతోంది గదా అని తీగను నమ్మేయకూడదు.

ఇక హాస్టలు మిత్రుల సంగతి. చాలా హాస్టళ్ళ వైఫైలో ఒకరి యంత్రం ఇంకొకరికి కనపడకుండా కావాలనే కట్టడి చేస్తారు. ఇళ్ళల్లో చుట్టాలకోసం పెట్టే గెస్ట్ నెట్‌వర్కు కూడా అంతే. అడ్రసులు కలిసినా అక్కడ మాట కలవదు. అది రక్షణే గాని లోపం కాదు. ల్యాప్‌టాప్‌కూ కన్సోలుకూ మధ్య నేరుగా కేబులు వేసి, విండోస్‌లో ఇంటర్నెట్ షేరింగ్ ఆన్ చేసుకుంటే కన్సోలుకు మామూలుగా 192.168.137తో మొదలయ్యే అడ్రసు వస్తుంది, రెండూ మాట్లాడుకుంటాయి. హాస్టలు నిబంధనలు ఒప్పుకుంటేనే సుమా.

అన్నీ కుదిరి కంప్యూటరు పేరు కనపడి, వీడియో మాత్రం ఆడకపోతే నెట్‌వర్కును తిట్టి లాభం లేదు. ఆ ఫైలు తీరు మీడియా ప్లేయరుకు తెలియనిదై వుంటుంది. పెళ్ళి వీడియోలో ఒక భాగం అలాగే మొరాయిస్తే, కంప్యూటర్లో ఎం.పి.4గా మార్చి పెట్టాం. మా అమ్మమ్మ తలంబ్రాల ఘట్టం రెండుసార్లు వేయించుకుని చూసింది.