పావురం పాసైంది... సగమే!

పావురం ఎదురుగా టచ్‌స్క్రీన్. దాని మీద ఓ బొమ్మ... రొమ్ము కణజాలాన్ని మైక్రోస్కోపులో చూస్తే కనిపించేది. బొమ్మకు అటూ ఇటూ నీలం, పసుపు గడులు. అది క్యాన్సరైతే ఒక గడిని, కాకపోతే రెండోదాన్ని ముక్కుతో పొడవాలి. జవాబు సరైనదైతే తిండి గుళిక రాలుతుంది!

అమెరికాలోని అయోవా, కాలిఫోర్నియా (డేవిస్) విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఈ ప్రయోగ ఫలితాలను 2015లో ప్రచురించారు. మొదటిరోజు పావురాలు చెప్పిన జవాబుల్లో సగం తప్పులే. పదిహేను రోజులు తిరిగేసరికి మాత్రం నూటికి 85 దాకా ఒప్పులు! నాలుగు పక్షుల జవాబులూ కలిపి చూస్తే ఏకంగా 99 శాతం.

ఆ బొమ్మల్ని బట్టీ పట్టేశాయేమో? శాస్త్రవేత్తలకూ అదే అనుమానం వచ్చింది. అందుకే అంతకుముందెన్నడూ చూడని బొమ్మలు ముందుంచారు. వాటినీ దాదాపు అంత బాగానూ గుర్తుపట్టాయి. అంటే, తేడా ఎక్కడుందో పావురాలకు అర్థమైందన్నమాట.

ఆ తర్వాత మామోగ్రామ్‌లు చూపించి, వాటిలోని గడ్డల్లో ఏది క్యాన్సరో చెప్పమన్నారు. నిపుణులైన వైద్యులకే కష్టమైన పని అది. వారాల తరబడి సాధన చేశాక పాత బొమ్మలకు చాలావరకూ సరైన జవాబులే ఇచ్చాయి. కొత్తవి పెట్టగానే మళ్లీ సగం తప్పులు. ఈసారి నిజంగానే బట్టీ పట్టాయి!

పాత బొమ్మలతోనే ఆపేసి ఉంటే ఈ గుట్టు బయటపడేదే కాదు. మన పిల్లలకు లెక్క నిజంగా వచ్చిందో లేదో తెలియాలన్నా అదే దారి... పుస్తకంలో లేనిది ఒకటి ఇచ్చి చూడటమే!