సేవాదాతలు – బాధ్యతల పంపకము

ఒక పాఠశాల తన విద్యార్థుల మార్కులను కంప్యూటరులో భద్రపరచుచున్నదనుకొందము. ఉపాధ్యాయులు వానిని ఇంటినుండియు చూడవలెనన్నచో పాఠశాలలోని యంత్రమొక్కటియే చాలదు; బయటి సంస్థల సాయము కావలెను. రుసుము తీసికొని ఇట్టి సాయము చేయు సంస్థలనే సేవాదాతలందురు. వీరందరును ఒకే పని చేయరు.

కొందరు త్రోవను మాత్రమే కల్పింతురు. వీరు ఇంటర్నెట్ సేవాదాతలు. మన దేశమున 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ఈ సేవను ప్రజలకు అందుబాటులోనికి తెచ్చెను.

మరికొందరు కంప్యూటర్లనే అద్దెకిత్తురు. వీరి సేవకు 'క్లౌడ్' అని పేరు. పేరునకు మేఘమేగాని, నిజమునకది నేలమీది భవనములలో వరుసలుగా అమర్చిన యంత్రముల సముదాయము. ఈ సేవ మూడు విధములు. కల్యాణమండపముతో పోల్చిన సులభముగ బోధపడును.

మండపమును మాత్రమే అద్దెకు తీసికొన్నచో పొయ్యి, పాత్రలు, వంటవారు మనవే. అట్లే మొదటి విధమున యంత్రశక్తి, నిల్వస్థలము మాత్రమే లభించును. అమెజాన్ సంస్థ 2006లో ఇట్టి సేవను ఆరంభించెను. రెండవ విధమున పొయ్యి, పాత్రలు కూడ ఇత్తురు, వంట మనది. అనగా ప్రోగ్రామును మనమే వ్రాసికొనవలెను. మూడవ విధమున వండి వడ్డింతురు. మనము కూర్చుండి భుజించుటయే. ఇంటర్నెట్‌లో నిత్యము వాడు ఈ-మెయిల్ ఇట్టిది.

మరి పెండ్లివారి నగలకు కాపలా ఎవరిది? సమాచారమే ఆ నగ. మూడు విధములలోను దానిని గూర్చిన జాగ్రత్త వాడుకరిని పూర్తిగా విడువదు.

2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ నగరమున ఓవీహెచ్ క్లౌడ్ సంస్థకు చెందిన ఐదంతస్తుల భవనము అగ్నికి ఆహుతియయ్యెను. వేరొకచోట ప్రతిని ఉంచుకొన్నవారు త్వరలోనే కోలుకొనిరి. ఉంచుకొననివారు పెక్కుమంది సమాచారమును శాశ్వతముగ కోల్పోయిరి. ఒక ఖాతాదారుడు ప్రతిని భద్రపరచుటకు ప్రత్యేకముగ రుసుము చెల్లించెను. కాని ఆ ప్రతియు అదే భవనమున ఉండుటచే అసలుతోపాటు దగ్ధమయ్యెను. అతనికి నష్టపరిహారమియ్యవలెనని 2023లో లిల్ నగర వాణిజ్య న్యాయస్థానము తీర్పు చెప్పెను. ధనము ఇప్పింపవచ్చును, కాలిన సమాచారమును ఏ న్యాయస్థానమును తెచ్చి ఇయ్యలేదు.

కావున సేవను కుదుర్చుకొనునపుడు రుసుము ఎంత అని మాత్రమే అడిగిన చాలదు. ఏ పని వారిది, ఏ పని మనది? రెండవ ప్రతి ఎచట ఉన్నది? అది అసలు ఉన్న కప్పు క్రిందనే ఉన్నచో, అది ప్రతి కానట్లే.