ఆరో వచనం చదవలేదు

మన క్రైస్తవుల ఇళ్లల్లో గోడమీద క్యాలెండరు ఉంటే అందులో ఎక్కడో ఒకచోట ఈ మాట ఉంటుంది: మీ చింత దేవుడి మీద వేయండి, ఆయన చూసుకుంటాడు అని. పేతురు రాసిన మొదటి పత్రిక, 5వ అధ్యాయం, 7వ వచనం. మిల్లు మూతపడిన ఏడాది నేను దాని కిందనే కూచునేవాణ్ణి. కూతురి పెళ్లి, చీటీ బాకీ, ఇంటి బాడుగ. ప్రభువా, అంతా నీదే భారం అని పడుకునేవాణ్ణి. నిద్ర వచ్చేది కాదు.

జార్జి టౌన్‌లో ఆండర్సన్ వీధి మీకు తెలుసు కదా, కాగితాలు, పెళ్లి కార్డులు అమ్మే వీధి. మగ్గాల దగ్గర నా కింద పని నేర్చుకున్న కుర్రాడు అక్కడ ఒక కొట్లో లెక్కలు చూస్తున్నాడు. అడిగితే పని ఇప్పిస్తాడు. కానీ నేను మేస్త్రీని. వాణ్ణి "ఒరేయ్" అని పిలిచినవాణ్ణి. మూడు రోజులు బ్రాడ్వే దాకా పోయి, టీ తాగి తిరిగొచ్చాను. ఇంటికొచ్చి మళ్లీ ప్రార్థన.

మా ఆవిడే అడిగింది. "ఏమయ్యా, ఎప్పుడూ ఏడో వచనమేనా? దాని పైది చదవవా?"

చదివాను. ఆరోదానిలో దేవుడి చేతికింద తగ్గి ఉండమని ఉంది. తగ్గడం ముందు, చింత దించడం తర్వాత. రాసిన పేతురు మాత్రం తక్కువవాడా? అందరూ విడిచిపోయినా నేను పోను అని గొప్పగా చెప్పి, కోడి కూసేలోపల మూడుసార్లు ఆయనెవరో ఎరగనన్నాడు. తర్వాత వెక్కివెక్కి ఏడ్చాడు. తెలిసే రాశాడు.

ఇంకో సంగతి. సెంట్రల్ స్టేషన్ దగ్గర కంపుకొడుతూ పారే బకింగ్‌హామ్ కాలవ ఉందే, ధాత కరువులో, అంటే 1876-78లో, దాన్ని ఒంగోలు వైపు తవ్వుతుంటే క్లాఫ్ దొర మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకున్నాడు. అమెరికా బాప్తిస్టు మిషనరీ ఆయన. ఆకలితో ఉన్న జనానికి ప్రార్థన ఒక్కటే చెప్పి పంపలేదు, పని ఇచ్చి కూలి ఇచ్చాడు. బాప్తిస్మం అడిగితే మాత్రం కరువు పోయేదాకా ఆగమన్నాడు, కూలి కోసం వచ్చారనే మాట రాకూడదని. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగ కుటుంబాలవాళ్లు. దేవుణ్ణి నమ్మినవాళ్లే, గడ్డపార పట్టినవాళ్లే. నాకేమో ఆండర్సన్ వీధిలోకి అడుగు పడలేదు!

నాలుగో రోజు పోయాను. నన్ను చూసి కుర్రాడు కుర్చీలోంచి లేచాడు. "అన్నా, రాన్నా, కూచో" అన్నాడు. కూచోలేదు. "బాబూ, పని కావాలి" అన్నాను. ఆ మాటకి గొంతు పట్టేసింది, దాచను.

కాగితం కట్టలు మోసి మూడు చక్రాల బండికి ఎత్తే పని. మొదటి రోజు రాత్రి భుజాలు పుండయ్యాయి. మా ఆవిడ వేడినీళ్ల కాపడం పెడుతుండగానే నిద్రపోయాను. చీటీ బాకీ తీరడానికి ఇంకా నాలుగేళ్లు పట్టింది.