ఖాళీ గడిలో ఎంత?

ఒకటి, రెండు తరగతులు చదువుతున్న మీ బిడ్డకు పలక మీద 5 + □ = 8 అని వ్రాసి ఇచ్చి చూడండి. గడిలో 13 అని వ్రాస్తే కోపపడవద్దు. "మొద్దు" అని అసలే అనవద్దు. కూడిక గుర్తు కనబడింది, రెండు సంఖ్యలు కనబడ్డాయి, వాటిని కలిపేశాడు. కలపడం వచ్చు గనుకనే ఆ 13 వచ్చింది. సమాన గుర్తు అంటే "జవాబు వ్రాయి" అని అర్థం చేసుకున్నాడు. చిక్కంతా అక్కడే ఉన్నది.

ఆ గుర్తును 1557లో రాబర్ట్ రికార్డ్ అనే వేల్సు దేశస్థుడు మొదటిసారి అచ్చు పుస్తకంలో వాడాడు. ఒకే పొడవు గల రెండు గీతలకంటె సమానమైనవి మరేవీ ఉండవని ఆయన భావం. బిడ్డకు చూపడానికి మాత్రం త్రాసు మేలు. కర్రకు రెండు కొబ్బరి చిప్పలు వ్రేలాడగట్టి, ఒకదానిలో 8 గోళీలు, రెండవదానిలో 5 వేయండి. సరితూగేవరకు ఒక్కొక్కటే వేయించి, ఎన్ని వేశావని అడగండి. (గోళీలన్నీ ఒకే సైజువి కావాలి సుమా!)

అంత ఓపిక లేకపోతే చింతగింజలు చాలు. 8 గింజలు బిడ్డచేతనే లెక్కపెట్టించండి. కొన్ని మీ గుప్పిట్లో దాచి 5 బయట ఉంచండి. దాగినవెన్ని? మొదట ఏదో ఒకటి ఊహించి చెప్పనివ్వండి. నాలుగు రోజులు ఆడేసరికి అయిదు నుండి ముందుకు ఆరు, ఏడు, ఎనిమిది అంటూ మూడు వేళ్ళు మడవడం చూస్తారు. ఆ తరువాతనే పలక మీద గడి వేయాలి.

"మాకు చదువు రాదు గదయ్యా" అంటారు తల్లులు. ఈ లెక్క మీకు వచ్చునమ్మా. మన పల్నాడులో మిరపకాయలు బస్తాకెత్తేటప్పుడు కాటా 33 కిలోలు చూపితే, 40కి ఇంకా ఎన్ని పోయాలో కాగితం లేకుండా చెప్పేది మీరే. కొట్టులో 50 రూపాయల నోటిచ్చి 35 రూపాయల సరుకు తీసుకుంటే, రావలసిన చిల్లర నోటిలెక్కతోనే తేల్చేస్తారు. ఆ లెక్కనే పొయ్యి దగ్గర పది నిమిషాలు బిడ్డతో బయటికి చెప్పించండి.

కొందరు "గుర్తు దాటితే ప్లస్ మైనస్ అవుతుంది" అనే కిటుకు నేర్పుతారు. ఆరేడేండ్ల వయసులో అది వట్టి మంత్రం. □ − 3 = 5 రాగానే తీసివేత గుర్తు చూచి 2 అని వ్రాసేస్తారు. నిజానికి ఇది అన్నిటికంటె కష్టమైన రకం. మొదట ఎన్ని ఉన్నవో తెలియదు గదా. కథగా చెప్పండి: బుట్టలో కొన్ని జామకాయలున్నాయి, తమ్ముడు మూడు తిన్నాడు, అయిదు మిగిలాయి. తిన్న మూడూ తిరిగి బుట్టలో వేసినట్లు అనుకోమంటే ఎనిమిది అని బిడ్డే అంటుంది.

పై తరగతులలో ఈ గడి స్థానంలోనే ఎక్స్ అనే అక్షరం వస్తుంది. గడి అర్థం కానివారు అక్కడ బెదిరిపోతారు. బడి అంటే బెదిరిన పిల్లకు మిరప కోతలకు వెళ్ళడమే సులువుగా తోస్తుంది.

అప్పుడప్పుడు 6 + □ = 6 కూడా ఇవ్వండి. ఆరు గింజలూ బయటే పెట్టి, ఉత్త గుప్పిట మూసి చూపండి. "ఏమీ లేవు!" అని నవ్వుతారు. అప్పుడు సున్న వ్రాయించండి.